నీడ ఉంటేనే ఈ పచ్చిక

విశాఖలో సొంతిల్లు, ఇంటి ముందు కాస్త ఖాళీ జాగా, అందులో తిరిగే కుక్క ఉన్నవాళ్లకి వానాకాలమంటే ముందు గుర్తొచ్చేది ఎర్రమట్టి. ఈ ఊరి కొండలు ఖొండలైట్ రాయి. ఎండకీ వానకీ చివికి అది ఎర్రటి జిగట నేలగా మారుతుంది. నాలుగు చినుకులు పడితే చాలు, లాబ్రడార్ నాలుగు కాళ్లకీ ఆ మట్టి పూసుకుని హాల్లోకి, అక్కణ్నుంచి సోఫా మీదికి వచ్చేస్తుంది. వేసవి వస్తే అదే మట్టి దుమ్మై లేస్తుంది. పోనీ అని కొరియన్ గడ్డి వేయిస్తే, కుక్క ఉచ్చ పోసిన చోటల్లా పళ్లెమంత పసుపు మచ్చ పడుతుంది. మొత్తం గచ్చు చేయించినవాళ్లు ఏప్రిల్ నుంచి ఆ గచ్చు మీద కాలు మోపలేరు.

అందుకే టర్ఫ్. మధురవాడ, గాజువాక వైపు బాక్స్ క్రికెట్ మైదానాల్లో రాత్రిపూట దీపాల కింద మెరిసే ఆ ప్లాస్టిక్ పచ్చిక మొదట మేడలెక్కింది, తర్వాత బాల్కనీల్లోకి, దుకాణాల గుమ్మాల్లోకి వచ్చింది. ఇప్పుడు పెరట్లోకి దిగింది. రెండు మీటర్ల వెడల్పు చుట్టలుగా వస్తుంది. పోగు ఎత్తుని బట్టి 25, 35, 40 మిల్లీమీటర్లని అడిగి కొంటారు. ఒక్క పూటలో పరిచేస్తారు. సాయంత్రానికి ఇల్లు ఫొటోలో పెట్టేలా తయారవుతుంది. బురద లేదు, కలుపు లేదు, కోత లేదు.

ఇది వద్దని చెప్పడానికి ఈ కథనం రాయడం లేదు. కుక్కకి మేలు చేసేలా దీన్ని వేయడం సాధ్యమే. కాకపోతే మన ఊళ్లో చాలాచోట్ల వేయకూడని చోట, వేయకూడని పద్ధతిలో వేస్తున్నారు. ఆ బాధ చెప్పుకోలేని ప్రాణి మీద పడుతోంది.

ఎండ లేని చోట పుట్టిన గడ్డి

ఈ గడ్డి పుట్టుక తెలిస్తే సగం సంగతి అర్థమవుతుంది. 1964లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో, మోజెస్ బ్రౌన్ స్కూల్ ఆటస్థలంలో, మోన్సాంటో కంపెనీ తయారుచేసిన నైలాన్ పచ్చికను పరిచారు. అప్పటికి దాని పేరు కెమ్‌గ్రాస్. లోకమంతా దాన్ని ఎరిగింది మాత్రం హ్యూస్టన్‌లో. అక్కడి ఆస్ట్రోడోమ్ పైకప్పున్న పెద్ద స్టేడియం. 1965లో తెరిచినప్పుడు లోపల అసలైన గడ్డే పెంచారు. పైన పారదర్శకమైన పలకల కప్పు. పగటి ఆటలో ఆ కప్పు మెరుపుకి గాల్లో లేచిన బంతి కనబడడం లేదని బేస్‌బాల్ ఆటగాళ్లు మొత్తుకున్నారు. కప్పుకి రంగు పూశారు. వెలుతురు తగ్గి గడ్డి చచ్చిపోయింది. 1966లో దాని స్థానంలో ప్లాస్టిక్ పచ్చిక వచ్చింది. అప్పటినుంచీ దాని పేరు ఆస్ట్రోటర్ఫ్.

అంటే ఎండ తగలక గడ్డి బతకని చోట గడ్డికి బదులుగా ఇది నిలదొక్కుకుంది. మనం దీన్ని తెచ్చి విశాఖ ఎండలో ఆరుబయట పరుస్తున్నాం.

మనవాళ్లకి దీని వల్ల తగిలిన మొదటి దెబ్బ హాకీలో. 1928 నుంచి 1972 దాకా ఏ ఒలింపిక్స్ నుంచీ పతకం లేకుండా తిరిగిరాని భారత హాకీ జట్టు, కృత్రిమ పచ్చిక మీద ఆడించిన 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానానికి పడిపోయింది. ఆ పచ్చిక మీద మన ఆటగాళ్లు తడబడ్డారంటే కారణాలు అలవాటుకీ నైపుణ్యానికీ సంబంధించినవి. వాళ్ల కాళ్లకి బూట్లున్నాయి. కుక్క కాలికి లేవు.

వేడి లెక్క

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో తమ కృత్రిమ మైదానం మీద వేడి కొలిచారు. గాలిలో ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గరున్న రోజున ఆ పచ్చిక పైభాగం 93 డిగ్రీలకు చేరింది. పక్కనున్న తారు నేల కన్నా అది వేడిగా ఉంది. అసలైన గడ్డి ఆ దరిదాపుల్లోకి కూడా రాలేదు. బతికున్న గడ్డి ఆకుల నుంచి నీరు ఆవిరై తనను తాను చల్లబరచుకుంటుంది. ప్లాస్టిక్ పోగుకి ఆ వీలు లేదు, తాగిన ఎండనంతా దాచుకుంటుంది.

యూటా గాలి పొడి గాలి, నేల ఎత్తైన నేల, ఎండ తీరు వేరు. అవే అంకెలు ఇక్కడా వస్తాయని నేను అనను. కానీ 37 డిగ్రీలు మే నెలలో మనకి కొత్త కాదు.

“ఏం కాదమ్మా, రెండు బకెట్లు నీళ్లు కొడితే చల్లబడిపోద్ది” అని పరిచేవాళ్లు చెప్పే మాట ఒకటుంది. దానికీ అదే విశ్వవిద్యాలయం కొలతలో జవాబు దొరుకుతుంది. 79 డిగ్రీలున్న పచ్చికను తడిపితే 29కి దిగింది. అయిదు నిమిషాల్లో మళ్లీ 49కి ఎక్కింది. ఇరవై నిమిషాలు తిరిగేసరికి 73. మధ్యాహ్నం ఒంటి గంటకి నీళ్లు కొట్టి భోజనానికి లోపలికెళ్లిన మనిషి మజ్జిగన్నం దాకా వచ్చేలోగా పచ్చిక మళ్లీ కాలుతూ ఉంటుంది.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. దాని చెమట గ్రంథులు ఎక్కువగా ఉండేది అరికాళ్లలోనే, వాటి వల్ల చల్లబడేది కొంచెమే. ఒంట్లో వేడి పోవాలంటే నాలుక చాచి వగర్చాలి. నాలుక మీద, నోట్లో ఉన్న తడి ఆవిరైతేనే దానికి సేద తీరుతుంది. విశాఖ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, ఆ తడి త్వరగా ఆవిరవదు. రాయలసీమలో 40 డిగ్రీల పొడి ఎండకి ఓర్చుకునే కుక్క ఇక్కడ 35 డిగ్రీల ఉక్కపోతకే కూలబడడానికి కారణం ఇదే. దాని ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీల మధ్య ఉంటుంది. 41 దాటితే వడదెబ్బ, ప్రాణం మీదికి వచ్చినట్టే. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకి వగర్చే శక్తే తక్కువ. దట్టమైన బొచ్చున్న హస్కీని ఈ ఊళ్లో పెంచుతున్నవాళ్లు దాన్ని ఎండ పడే టర్ఫ్ మీద వదలడం నాకు క్రూరంగానే కనిపిస్తుంది. తెలియక చేసేదే కావచ్చు. ఆ కాళ్లకి మాత్రం తేడా ఏమీ ఉండదు.

కాబట్టి మొదటి ప్రశ్న ఎన్ని మిల్లీమీటర్లు, ఏ కంపెనీ అన్నది కాదు. నీడ ఎక్కడుంది?

ఇక్కడ మన ఊరి భూగోళం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత జూలై చివరిదాకా మధ్యాహ్నవేళ కొద్దిగా ఉత్తరం వైపే ఉంటాడు. ఉత్తరం గోడ పక్కన ఏడాదంతా చల్లగా ఉంటుందనుకుని అక్కడ టర్ఫ్ వేయించినవాళ్లకి, సరిగ్గా అవసరమైన నెలల్లోనే ఆ గోడ అక్కరకి రాదు. వేసవి మధ్యాహ్నానికి గోడ నీడ చాలదు, నెత్తి మీద నీడ కావాలి. మామిడిచెట్టు, వేపచెట్టు, కానుగచెట్టు కింద. స్లాబు కింద వదిలిన పార్కింగ్ జాగాలో. మేడమెట్ల కింద. పక్కింటి గోడకీ మన గోడకీ మధ్య ఎండ సోకని సన్నటి సందులో. గడ్డి వేసినా బతకని ఆ చోట్లే టర్ఫ్‌కి తగిన చోట్లు. అవేవీ లేకపోతే తూర్పు వాకిలి కొంత నయం. పొద్దు పడమటికి వాలాక ఇంటి నీడే దాని మీద పడుతుంది. పడమటి వైపు ఆరుబయట మాత్రం వేయించొద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి చెట్లని ఊడబెరికింది. దశాబ్దాల నాటి నీడ ఒక్కరోజులో పోయిన పెరళ్లు ఎన్నో. చాలామంది మళ్లీ చెట్టు నాటలేదు, నేల ఊడ్వడం సులువవుతుందని గచ్చు చేయించుకున్నారు. ఇప్పుడు ఆ గచ్చు మీదే టర్ఫ్ పరుస్తున్నారు. అక్కడ డబ్బు ముందు ఒక మొక్క మీద పెట్టడం మంచిది. కానుగ ఈ నేలలో బాగా వస్తుంది, నీడా చిక్కగా ఇస్తుంది. అది ఎదిగేదాకా పైన నీడవల కట్టుకోవచ్చు. ఇంకో మాట. ఇంటికి అద్దం లాంటి మెరుపు కిటికీలు పెట్టించుకున్నవాళ్లు వాటి నుంచి తిరిగిపడే ఎండ టర్ఫ్ మీద ఎక్కడ పడుతోందో చూసుకోవాలి. ఆ ఎండకి పోగులు కరిగి ముడుచుకుపోతాయి.

కింద ఏముందన్నదే అసలు పని

చూసేవాళ్లకి పైన పచ్చదనం కనిపిస్తుంది. కుక్క ఉన్న ఇంట్లో పని మంచిదో కాదో కిందనున్న పొరలు చెబుతాయి. క్రికెట్ టర్ఫ్ మీద పడేది వాన నీరే. ఇక్కడ రోజూ మూత్రం పడుతుంది. అది ఆగకుండా కిందికి దిగి, అక్కణ్నుంచి బయటికి పోవాలి.

మట్టి నేల అయితే మేస్త్రీ చేత అయిదారు అంగుళాలు తవ్వించి, కింది మట్టిని గట్టిగా దిమ్మిస చేయించాలి. వాలు పది అడుగులకి రెండు అంగుళాలైనా ఉండాలి, అదీ ఇంటి పునాది వైపు కాకుండా కాలువ వైపు. దాని మీద మెటల్, ఆపైన చిప్స్. క్రికెట్ మైదానానికి వేసినట్టు క్రషర్ డస్ట్ మందంగా వేసి గట్టిపరిస్తే నేల నున్నగా వస్తుంది గానీ, ఆ మెత్తటి పొడి మూత్రాన్ని పట్టి ఉంచుతుంది. ఆరు నెలల తర్వాత వచ్చే వాసన చాలావరకు అక్కడి నుంచే. కుక్కలున్న చోట చిప్సే మేలు, పైన నేల సమం కావడానికి డస్ట్ పలచగా చల్లితే చాలు. బీచ్ ఇసుక తెచ్చి పోస్తామంటే ఒప్పుకోవద్దు. అందులో ఉప్పు ఉంటుంది. పైగా తీరంలో ఇసుక తవ్వడం చట్టం ఒప్పని పని.

గచ్చు మీద వేస్తే తప్పు ఇంకోలా జరుగుతుంది. టర్ఫ్‌ని నేరుగా సిమెంటుకి అంటించేస్తారు. కింద నీరు నడిచే దారి ఉండదు. టర్ఫ్‌కీ గచ్చుకీ మధ్య గుల్లగా ఉండే ప్లాస్టిక్ డ్రెయినేజ్ పలకలు వేయించి, గచ్చుకి సరైన వాలుందో లేదో ఒక బకెట్ నీళ్లు ఒంపి ముందే చూసుకోవాలి. టర్ఫ్ వెనకభాగం కూడా తిప్పి చూడాలి. దుకాణంలో దొరికే మామూలు రకానికి వెనక రబ్బరు పూత ఉండి, అడుగుకి కొన్ని చొప్పున చిల్లులుంటాయి. ఆ చిల్లుల మధ్య పడ్డ మూత్రం అక్కడే నిలుస్తుంది. వెనకంతా నీరు దిగే రకం ఖరీదెక్కువ. కుక్కకోసమే వేస్తుంటే ఖర్చు పెట్టాల్సింది దాని మీదే. పోగు పొడుగు మీద కాదు. పొడుగు పోగులు కళ్లకి బాగుంటాయి, మలం ఎత్తేటప్పుడు మాత్రం చుక్కలు చూపిస్తాయి. 25 నుంచి 30 మిల్లీమీటర్లు చాలు.

మన ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని ఎవరూ ముందుగా అడగరు. నీళ్ల సంపు. చాలా ఇళ్లకి మున్సిపల్ నీరు పడే సంపు ఇంటి ముందరి జాగాలోనే, నేలమట్టంలో ఉంటుంది. అందం చెడకుండా దాని మూత మీద కూడా టర్ఫ్ పరిచేస్తారు. కుక్క మూత్రం, కడిగిన నీళ్లు ఆ మూత సందుల్లోంచి తాగే నీళ్లలోకి దిగుతాయి. సంపు చుట్టూ నాలుగు అంగుళాల గట్టు కట్టించి, ఆ మేర టర్ఫ్ వదిలేయాలి. ఇంకుడు గుంత ఉంటే దాని వైపు కూడా ఈ వాలు పెట్టొద్దు. అది వాననీటికి మాత్రమే. దాని పక్కనే బోరు ఉన్న ఇళ్లు మనకి తక్కువేం కాదు.

అంచులు కొట్టే మేకులు ఇనుపవైతే ఈ ఉప్పుగాలికి ఒకటి రెండు వానాకాలాల్లో తుప్పుపట్టి, తలలు ఊడి, మొన తేలి కుక్క కాలికి గుచ్చుకుంటాయి. జింకు పూత మేకులు, వీలైతే స్టెయిన్‌లెస్ మేకులు అడగండి. తీరప్రాంతపు తుపాను గాలి అంచు కిందికి ఒక్కసారి దూరితే చుట్ట మొత్తం లేచిపోతుంది. అంచుని సిమెంటు గట్టులోకి బిగించడం మంచిది.

వాసన, ధూళి, పళ్లు

కుక్క మూత్రంలో యూరియా ఉంటుంది. సూక్ష్మజీవులు దాన్ని విరిచి అమ్మోనియా చేస్తాయి. ముక్కు పుటాలు మండించే ఘాటు అదే. నేల బతికి ఉంటే అందులోని జీవులు, వేళ్లు ఆ నత్రజనిని వాడేసుకుంటాయి. ప్లాస్టిక్ కింద ఆ పని చేసేవాళ్లు లేరు, నీళ్లు కొట్టి తీయాల్సిందే. మలం రోజూ ఎత్తాలి, మూత్రం పోసే మూలని రోజూ తడపాలి. వారానికోసారి సగానికి సగం నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌తోనో, ఎంజైమ్ ద్రావణంతోనో కడగాలి. ఫినాయిల్ వద్దు, కాళ్లు నాకే ప్రాణికి అది మంచిది కాదు. బ్లీచింగ్ అసలే వద్దు. అమ్మోనియాతో అది కలిస్తే ఊపిరితిత్తులని కాల్చే క్లోరమీన్ వాయువు వస్తుంది. టర్ఫ్ వల్ల నీరు ఆదా అవుతుందని చెప్పే మాట పూలకుండీల మధ్య పరిచినప్పుడు నిజమే. కుక్క తిరిగే చోట అందులో సగమే నిజం.

పోగుల మధ్య నింపే పదార్థం గురించి కూడా అడగాలి. పాత టైర్లు పొడి చేసిన నల్ల రబ్బరు గుళ్లు క్రీడా మైదానాలకి వాడతారు. అవి వేడిని ఇంకా పెంచుతాయి, కాళ్లకి అంటుకుని ఇంట్లోకి వస్తాయి, కుక్క నాకుతుంది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నిబంధన ప్రకారం అలాంటి గుళ్ల అమ్మకం 2031 తర్వాత అక్కడ ఉండదు. మనం ఇప్పుడే వద్దనుకోవచ్చు. జియోలైట్ అనే అగ్నిపర్వత ఖనిజపు గుళ్లు అమ్మోనియాని కొంతమేర పట్టుకుంటాయి. కొంతకాలానికి నిండిపోతాయి, అప్పుడు మార్చాలి. అది దొరక్కపోతే కడిగిన సిలికా ఇసుక చాలు.

ఇక ధూళి. 1933లో తెరిచిన పోర్టు ఈ ఊరికి అన్నం పెట్టింది. దాని బొగ్గు, ఖనిజం కుప్పల ధూళి వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు ఇళ్ల గచ్చుల మీద నల్లగా పేరుకోవడమూ అంతే నిజం. గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, విశాఖ ఉంది. చుట్టూ కొండలు, మధ్యలో పల్లం, అందులో పోర్టు, పరిశ్రమలు. ధూళి బయటికి పోయే దారి తక్కువ. గడ్డి మీద పడ్డ ధూళి వానకి మట్టిలో కలిసిపోతుంది. టర్ఫ్ మీద పడింది పోగుల మొదళ్లలో కూరుకుని, నీరు దిగే చిల్లుల్ని మూసేస్తుంది. ఆ వైపు ఇళ్లవాళ్లు టర్ఫ్ వేస్తే గట్టి చీపురుతో ఎదురు దువ్వి కడగడం వారం వారం తప్పని పని. తెల్ల బొచ్చు కుక్క పాదాలు చూస్తే కడగాల్సిన రోజు తెలిసిపోతుంది.

పళ్లు వచ్చే కుక్కపిల్ల దేన్నైనా పీకుతుంది. మింగిన ప్లాస్టిక్ పోగులు పేగుల్లో చిక్కుకుంటే శస్త్రచికిత్స దాకా వెళ్తుంది. ఏడాది నిండని పిల్లకోసం టర్ఫ్ వేయించొద్దని గట్టిగానే చెబుతాను. గోమార్ల సంగతి కూడా చెప్పాలి. మట్టి, గడ్డి లేకపోతే గోమార్లు ఉండవని చాలామంది నమ్మకం. కుక్కల్ని పట్టే గోధుమరంగు గోమారకి గడ్డితో పనిలేదు. గోడ పగుళ్లలో, గచ్చు సందుల్లో, లేచిన అంచు కింద వేల గుడ్లు పెడుతుంది. మన దగ్గర కుక్కల ప్రాణం తీసే టిక్ జ్వరానికి మూలం అదే. టర్ఫ్ అంచులు దానికి మంచి ఇల్లే అవుతాయి, పశువైద్యుడు ఇచ్చే గోమార్ల మందు మానకూడదు.

ఈ చుట్ట ముసలిదయ్యాక ఎక్కడికి పోతుంది? ఎండకీ ఉప్పుకీ పెళుసెక్కిన పోగులు కొన్నేళ్లకి రాలడం మొదలవుతాయి. ఇంటి ముందు కాలువ, అక్కణ్నుంచి గెడ్డ, గెడ్డ నుంచి సముద్రం. 2020లో రుషికొండకి బ్లూ ఫ్లాగ్ వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఇది. కాలువలో పడే చోట సన్నటి జల్లెడ పెట్టించడం పెద్ద ఖర్చు కాదు, రాలిన పోగులు దానిలో ఆగుతాయి. మిగిలిన చుట్ట చివరికి కాపులుప్పాడ చెత్త యార్డుకి చేరాల్సిందే. ఎంత తక్కువ వేస్తే అంత తక్కువ చేరుతుంది.

అందుకే పెరడంతా పరవొద్దు. కుక్కకి తవ్వడం, వాసన చూడడం, చల్లటి మట్టిలో పొట్ట ఆనించి పడుకోవడం కావాలి. పావువంతు జాగా మట్టిగా వదిలి, ఎండ పడే మేర గరిక పెంచితే అది తొక్కుడుకి తట్టుకుంటుంది. కుక్క మూత్రం పోసిన వెంటనే ఒక చెంబెడు నీళ్లు ఒంపితే పసుపు మచ్చ పడదు. నీడ పట్టున గరిక రాని చోట టర్ఫ్, ఎండలో గరిక, మూలన మట్టి. ఇలా పంచుకుంటే ఖర్చూ తగ్గుతుంది, వానాకాలంలో కుక్క నడిచే దారి మాత్రం బురద లేకుండా ఉంటుంది.

వేయించే కాలం కూడా చూసుకోండి. అక్టోబరు, నవంబరు వానల్లో తవ్విన నేల దిమ్మిసకి లొంగదు. సంక్రాంతి దాటాక నేల ఆరుతుంది, జిగురూ పట్టుకుంటుంది. ఆర్డరు ఇచ్చే ముందు దుకాణం నుంచి రెండడుగుల ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. అనుకున్న చోటే పరచి, మధ్యాహ్నం ఒంటి గంటకి దాని మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. అది ఫిబ్రవరి ఎండ అని, మే ఇంకా రాలేదని గుర్తుంచుకుని చూడండి. చెయ్యి తీసేయాల్సి వస్తే ఆ చోటు గరికకి వదిలేసి, ముక్కని ఇంకో నీడకి జరపండి.